రోగి మాట వినడం నేర్పే దిద్దుబాటు



మన సంఘాల పిల్లలు అనేకులు ఇప్పుడు డాక్టరు చదువుకు, నర్సింగు చదువుకు వెళ్తున్నారు. ఒకప్పుడు ఆసుపత్రి అనగానే మన వైపు పెద్దలకు లండన్ మిషన్ వారు జమ్మలమడుగులో నెలకొల్పిన కాంప్‌బెల్ ఆసుపత్రి గుర్తుకు వచ్చేది. 2006లో కడపలో ప్రభుత్వ వైద్య కళాశాల, అదే రిమ్స్, ప్రారంభమైన తరువాత సొంత జిల్లాలోనే డాక్టరు చదివే అవకాశం కలిగింది. ప్రొద్దుటూరు, పులివెందుల, వీరపునాయునిపల్లె వైపు ఇండ్లలో తెల్లకోటు వేసుకున్న బిడ్డ ఫోటో గోడకు కనబడితే సంతోషమే. అయితే ఫోనులో మనము వారిని అడిగేది భోజనం సంగతి, ఫీజు సంగతి, పరీక్షల సంగతి. వార్డులో ఏమి నేర్చుకుంటున్నావని అడిగేవారు తక్కువ.

ఈ నెల అటువంటి వార్డు ఒకదానిని గురించి రాయదలచాము. అది మానసిక వైద్య వార్డు. వైద్య విద్యార్థులు తమ చదువులో కొన్ని వారాలు అక్కడ గడపాలి. దీనిని వారు ‘సైకియాట్రీ పోస్టింగు’ అంటారు. ఆ కొద్ది వారాలలో వారిని ఎక్కువగా భయపెట్టేది రోగులు కాదు. రోగిని పరీక్షించి, ఆ వివరమంతా ప్రొఫెసరు ముందు, తోటివారి ముందు నిలబడి చెప్పాలి. చెప్పిన తరువాత ప్రొఫెసరు ఒక్కొక్క మాటను పట్టుకొని ప్రశ్నిస్తారు. ఆ సాయంత్రం బిడ్డ ఇంటికి ఫోను చేసి, “ఈ పొద్దు అందరి ముందర నాకు తలవంపు అయింది నాయనా” అంటే, ఆ మాటకు మనము ఏమి జవాబు చెప్పాలి? ఆ దిద్దుబాటులో ఏమి ఉన్నదో తెలిస్తేనే జవాబు చెప్పగలము. పైగా అది డాక్టరు పిల్లలు ఉన్న ఇండ్లకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. రేపు మన ఇంటిలోనే ఒకరిని ఆ వార్డుకు తీసుకువెళ్ళవలసి వస్తే, మొదట కథ చెప్పేది మనమే గనుక ఇది మనందరికీ కావలసినదే.

కేసు చెప్పడం అంటే ఏమిటి?

ఎముక విరిగితే ఎక్స్‌రేలో కనబడుతుంది. మలేరియా అయితే రక్తపు చుక్కలో క్రిమి కనబడుతుంది. మనసుకు వచ్చే జబ్బులలో చాలావాటికి అటువంటి పరీక్ష నేటికీ లేదు. థైరాయిడ్ పరీక్షగాని, తల స్కానింగుగాని చేయించినా, శరీరంలోని వేరే వ్యాధి వలన ఈ లక్షణాలు వచ్చినవేమో చూచుటకే చేయిస్తారు. మిగిలినదంతా మాటల మీద, కంటితో చూచినదాని మీద ఆధారపడుతుంది. రోగి చెప్పిన మాట, ఇంటివారు చెప్పిన మాట, విద్యార్థి గమనించిన సంగతి – ఈ మూడే అక్కడి ఎక్స్‌రే. అందులో ఒకటి తప్పితే చికిత్స కూడా తప్పుతుంది.

గనుక విద్యార్థి ఒక క్రమం ప్రకారం చెప్పాలి. రోగి పేరు, వయస్సు, ఊరు. ఎవరు తీసుకువచ్చారు. ఏమి బాధ, ఎన్నాళ్ళ నుండి. అది ఎట్లు మొదలై ఎట్లు పెరిగింది. ఇంతకు ముందు ఇటువంటిది వచ్చిందా, కుటుంబంలో ఎవరికైనా ఉన్నదా. పుట్టుక, చదువు, పని, వివాహము, అలవాట్లు. జబ్బు రాకముందు ఆ మనిషి స్వభావం ఎటువంటిది. తరువాత రోగి మానసిక స్థితిని వర్ణించాలి. బట్టలు, ప్రవర్తన, మాట తీరు, ముఖములోని భావము, ఆలోచనలు, ఎవరూ లేకుండానే మాటలు వినబడుతున్నవా, తేదీ, స్థలము తెలుస్తున్నవా, జ్ఞాపకశక్తి ఎట్లున్నది, తనకు జబ్బు ఉన్నదని తాను ఎరిగి ఉన్నాడా అనే సంగతులన్నీ చెప్పి, చివరకు ఇది ఫలానా జబ్బు కావచ్చునని చెప్పాలి.

వినడానికి ఇది పట్టికలాగా ఉన్నది. పట్టిక నింపడం ఎవరైనా నేర్చుకోగలరు. కష్టమంతా ఆ పట్టికలోకి ఎవరి మాట చేరింది, ఎవరి మాట చేరలేదు అనే దాని దగ్గర ఉన్నది.

“ఆ మాట ఎవరు చెప్పారు?”

ఒక ఉదాహరణ చెబుతాము. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఇటువంటిది ఏ వార్డులోనైనా జరిగేదే గనుక ఊహించి చెబుతున్నాము.

వీరపునాయునిపల్లె మండలంలోని ఒక పల్లె నుండి నలభై ఏండ్ల తల్లిని ఆసుపత్రికి తీసుకువచ్చారు. పాపాఘ్ని ఒడ్డున రెండెకరాల చేను, వేరుశనగ పంట. వెంట అత్తగారు, భర్త వచ్చారు. ఒళ్ళంతా మంటలు, తల భారం, కాళ్ళలో సత్తువ లేదు. ప్రొద్దుటూరులో రెండు చోట్ల చూపించారు, సూదులు వేయించారు, సెలైన్ బాటిళ్ళు ఎక్కించారు. తగ్గలేదు. విద్యార్థి గంటసేపు కూర్చొని అంతా రాసుకొన్నాడు. మరునాడు నిలబడి, “ఒళ్ళు మంటలు, నీరసం, నాలుగు నెలలుగా. నిద్ర తక్కువ. ఇంటిలో గొడవలు ఏమీ లేవు. మానసిక లక్షణాలు లేవు” అని చెప్పాడు.

“ఇంటిలో గొడవలు లేవని ఎవరు చెప్పారు?” అని ప్రొఫెసరు అడిగారు.

“అత్తగారు చెప్పారు సార్.”

“అప్పుడు ఆమె ఎక్కడ ఉన్నది?”

“పక్కనే, మంచం మీద ఉంది సార్.”

“ఆమెను అడిగావా?”

విద్యార్థి దగ్గర జవాబు లేదు. రోగిని గూర్చి గంటసేపు విన్నాడు గాని, రోగి దగ్గర వినలేదు. మన ఇండ్లలో కోడలికి బదులు అత్త, భార్యకు బదులు భర్త, ముసలి తండ్రికి బదులు కొడుకు మాట్లాడతారు. ప్రేమతోనే మాట్లాడవచ్చును. అయినా అది వారి మాటే. గనుకనే ‘ఈ సంగతి చెప్పినవారు ఎవరు, వారు రోగితో ఎంతకాలముగా కలిసి ఉన్నారు, వారి మాట ఎంతవరకు నమ్మదగినది’ అని వేరుగా రాయాలని ఈ వార్డులో నేర్పుతారు.

రెండవ ప్రశ్న: “నాలుగు నెలలు అని నీవు లెక్క కట్టినావా, వారే చెప్పారా?” పల్లెలలో మనము తేదీలతో చెప్పము. పంటతో, పండుగతో, పెండ్లితో చెబుతాము. ‘శనక్కాయ పీకేటప్పటి నుంచి’ అంటాము, ‘క్రిస్మస్ అయిన వారానికి’ అంటాము. మెలకువగల విద్యార్థి ఆ గుర్తులనే పట్టుకొని అడుగుతాడు. శనక్కాయ పీకినప్పుడు ఏమి జరిగింది? పంట వచ్చిందా? అప్పు తీరిందా? కాలము అడిగితే కారణము బయటపడుతుంది. వైద్యులు దిగులు జబ్బును గుర్తించేటప్పుడు, ఆ లక్షణాలు కనీసం రెండు వారాలు దాదాపు ప్రతిదినము ఉన్నవా అని చూస్తారు. ఒక దినపు దుఃఖానికి, జబ్బుకు తేడా ఆ లెక్కలో ఉన్నది గనుక, ‘ఎన్నాళ్ళ నుండి’ అనే ప్రశ్న చిన్నది కాదు.

మూడవ ప్రశ్నకు గది అంతా నిశ్శబ్దమైంది. “చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగావా?”

“లేదు సార్. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లు అవుతుందేమోనని...”

ఈ భయము విద్యార్థికే కాదు, మనకందరికీ ఉన్నది. అయితే ఇది నిజము కాదని పరిశోధనలు చెబుతున్నవి. మెల్లగా, సూటిగా అడిగినందువలన ఎవరికీ కొత్తగా ఆ తలంపు పుట్టదు. అప్పటికే ఆ తలంపుతో ఒంటరిగా ఉన్నవారికి, అడిగినవారు ఒకరున్నారనే ఊరట కలుగుతుంది. చేను ఉన్న ప్రతి ఇంటిలో పురుగుమందు డబ్బా ఉండే మన ప్రాంతములో ఈ ప్రశ్న అడగకుండా వదిలిపెట్టడం చిన్న పొరపాటు కాదు.

ఆ మధ్యాహ్నము విద్యార్థి మళ్ళీ ఆ మంచం దగ్గరికి వెళ్ళాడు. అత్తగారు భోజనానికి వెళ్ళినప్పుడు ఒక నర్సును తోడుగా ఉంచుకొని స్టూలు లాక్కొని కూర్చున్నాడు. “పెద్దమ్మా, నిన్న నేను మీ అత్తను అడిగినాను గాని నిన్ను అడగలేదు. నువ్వు చెప్పు” అన్నాడు. ఆమె చాలాసేపు చెంగు కొస చుట్టుకొంటూ ఉండి, “ఒక తూరి మందు డబ్బా చేతికి తీసుకుంటి నాయనా. అంతలోకి పాప బడి నించి వచ్చె. మళ్ళా ఆడనే పెడితి” అన్నది.

మరునాడు చెప్పిన కేసు వేరు. మనిషి ఆమెనే, మంచము అదే. ఒళ్ళు మంటల వెనుక ఉన్న దిగులు జబ్బు బయటకు వచ్చింది. ఆమె ఒప్పుకొన్న తరువాత డాక్టరు భర్తతో మాట్లాడి, పురుగుమందు ఇంటిలో లేకుండా చేయమన్నారు. సూదులు, సెలైన్లు ఆగి సరైన మందు మొదలైంది. నిన్నటి దిద్దుబాటు లేకపోతే ఆ తల్లి ‘నీరసం’ అనే చీటీతో తిరిగి ఇంటికి, ఆ డబ్బా ఉన్న చోటికే వెళ్ళి ఉండేది.

మేము చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఇదే. మంచి దిద్దుబాటు విద్యార్థిని సిగ్గుతో మూలన కూర్చోబెట్టదు. రోగి మంచం దగ్గరికి తిరిగి పంపుతుంది. తిరిగి వెళ్ళి అడిగినప్పుడే అది పూర్తి అవుతుంది.

అడగకుండా వదిలిన ప్రశ్న

ఇంకొక రకమైన పొరపాటును చూద్దాము. కాలు విరిగి ఎముకల వార్డులో చేరిన మనిషి. మూడవ రాత్రి నుండి చేతులు వణకుతున్నవి, చెమటలు పడుతున్నవి, గోడ మీద పురుగులు పాకుతున్నవంటాడు, ఎవరో తనను చంపడానికి వచ్చారని మంచం దిగి పరుగెత్తుతాడు. ఊరి నుండి వచ్చినవారు గాలి సోకిందంటారు, దెయ్యమంటారు. విద్యార్థి అయితే ‘లేనివి కనబడుతున్నవి, అనుమానము ఉన్నది, గనుక ఇది స్కిజోఫ్రీనియా’ అని చెబుతాడు.

అప్పుడు ప్రొఫెసరు ఒక్క ప్రశ్న అడుగుతారు. “ఆయన చివరిసారిగా ఎప్పుడు తాగినాడు?”

విద్యార్థి అడగలేదు. ఎందుకు అడగలేదంటే ఆయన పెద్దమనిషి, గౌరవంగా కనబడ్డాడు, అన్న చెల్లెండ్లు చుట్టూ ఉన్నారు. అడిగితే బాగుండదని అనుకొన్నాడు. దినమూ ఎక్కువగా తాగే మనిషి అకస్మాత్తుగా మానివేస్తే, రెండు నుండి నాలుగు దినముల మధ్య ఇటువంటి స్థితి రావచ్చును. ఇది దెయ్యమూ కాదు, స్కిజోఫ్రీనియా కూడా కాదు. అత్యవసరముగా చికిత్స చేయకపోతే ప్రాణము పోగల స్థితి. థయమిన్ అనే బి1 విటమిన్ సూదులు, వణుకును, మూర్ఛను ఆపే మందులు, గంటగంటకు పరిచర్య కావాలి. సరిగా గుర్తిస్తే చాలామంది కొద్ది దినములలో తేరుకొంటారు.

మర్యాద కొరకు వదిలిన ప్రశ్న ఒక ప్రాణము మీదకు తెచ్చేది. ఇక్కడ దిద్దుబాటు విద్యార్థికి నేర్పేది ఒక జబ్బు పేరు మాత్రమే కాదు. ఎవరిని చూచి ఏ ప్రశ్నను మింగివేస్తున్నాడో తనను తాను గమనించుకోవడం నేర్పుతుంది. మంచి బట్టలు కట్టినవారిని తాగుడు గురించి అడగము. ముసలివారిని చావు ఆలోచన గురించి అడగము. పెండ్లికాని ఆడబిడ్డను అనేక సంగతులు అడగము. జబ్బు మాత్రము ఈ మర్యాదలను చూచి రాదు.

తీర్పు మాట, చూచిన మాట

విద్యార్థుల కాగితాలలో తరచుగా కొట్టివేయబడే మాటలు కొన్ని ఉన్నవి. ‘రోగి సహకరించుట లేదు.’ ‘మొండివాడు.’ ‘అబద్ధాలు చెబుతున్నాడు.’ ‘నాటకం ఆడుతున్నది.’ ప్రొఫెసరు అడిగే ప్రశ్న ఇట్లుంటుంది: “సహకరించలేదంటే ఏమి చేసినాడు? అది చెప్పు.” అప్పుడు విద్యార్థి, “నేను అడిగిన దానికి జవాబు చెప్పకుండా గోడ వైపు తిరిగి పడుకొన్నాడు, రెండు తూర్లు తలుపు వైపు చూచినాడు” అంటాడు. ఈ రెండింటికి ఎంత తేడా! మొదటిది తీర్పు. రెండవది సాక్ష్యము. తలుపు వైపు చూచినవాడు దేనికో భయపడుతూ ఉండవచ్చును. తనకు మాత్రమే వినబడే మాట వింటూ ఉండవచ్చును. ‘మొండివాడు’ అని రాసిన చోట వెదకడము ఆగిపోతుంది.

భాష సంగతి కూడా ఉన్నది. మన జిల్లా పిల్లలకు ఈ వార్డులో ఒక మేలు ఉన్నది, రోగి మాట వారికి అర్థమవుతుంది. అదే మేలు అపాయము కూడా. ‘దిగులుగా ఉండాది’ అని ఒకరు అంటే భయమని అర్థము. మరొకరు అంటే దుఃఖము. ఇంకొకరికి బిడ్డ ఊరికి వెళ్ళినందువలన కలిగిన బెంగ. ‘పానం బాగలేదు’ అంటే జ్వరమూ కావచ్చును, బ్రతుకు మీద విసుగూ కావచ్చును. తెలిసిన మాటే గదా అని విద్యార్థి వెంటనే దానిని ఇంగ్లీషు జబ్బు పేరుగా మార్చి రాసుకొంటే, అసలు మాట అక్కడే పోతుంది. రోగి మొదటి బాధను రోగి సొంత మాటలలోనే రాయాలనే నియమము అందుకే ఉన్నది. పరాయి భాషవాడు, “దిగులంటే ఏమమ్మా?” అని అడుగుతాడు. సొంత ఊరివాడు కూడా అట్లే అడగాలి.

భక్తికి, జబ్బుకు మధ్య

మన సంఘాలకు దగ్గరి సంగతి ఒకటి. ఒక యౌవనస్థుడు, “దేవుడు నాతో మాట్లాడుతున్నాడు” అంటాడు. విశ్వాస కుటుంబము నుండి వచ్చిన విద్యార్థి దానిని భక్తి అని వదిలివేయవచ్చును. మరొక విద్యార్థి వెంటనే ‘లేని మాటలు వినబడుతున్నవి’ అని జబ్బు కింద రాయవచ్చును. ఇద్దరినీ ప్రొఫెసరు వెనుకకు పంపుతారు. “అతడు ఎట్లు వింటున్నాడో అడిగావా? అతని సంఘములోని మిగతావారు కూడా ఇట్లే మాట్లాడతారా? వారి కాపరి ఏమంటున్నాడు? నిద్ర పోతున్నాడా, స్నానము చేస్తున్నాడా, పనికి వెళ్తున్నాడా?”

ఒక నమ్మకమును జబ్బు లక్షణముగా ఎంచేటప్పుడు, అది ఆ మనిషి పెరిగిన సమాజములో అందరికీ ఉన్న నమ్మకమా, కాదా అని చూడాలని వైద్యశాస్త్రములో నియమము ఉన్నది. ప్రార్థనలో ఆదరణ పొంది మరునాడు చేనుకు వెళ్ళే మనిషి వేరు. రాత్రింబగళ్ళు నిద్ర లేక, అన్నం ముట్టక, ఇంటివారే తనకు విషము పెడుతున్నారని చెబుతూ, ఆ స్వరము తనను బావిలో దూకమంటున్నదని చెప్పే మనిషి వేరు. తన సంఘస్థులే, “ఇది అతని రోజువారీ భక్తి కాదు, మనిషే మారిపోయినాడు” అని చెబితే ఆ మాట వైద్యునికి ఎంతో విలువైనది. ప్రార్థన చేయువారు ప్రార్థన చేయవచ్చును, మందు మాత్రము ఆపకూడదు.

దిద్దుబాటు ఎట్లుండాలి?

అన్ని దిద్దుబాట్లు మంచివి కావు. రోగి మంచం పక్కన నిలబడి, రోగి వినగా, “ఈ మాత్రము తెలియని నీకు డాక్టరు చదువెందుకు?” అని కేకలు వేస్తే విద్యార్థి నేర్చుకొనేది ఒక్కటే – మరొకసారి తెలియని సంగతిని దాచిపెట్టడం. మరునాటి నుండి అడగని ప్రశ్నకు కూడా ‘అడిగినాను సార్, లేదన్నారు’ అని చెబుతాడు. ఆ అబద్ధము వలన నష్టపోయేది రోగి.

ఈ సంగతిని గూర్చి లోకములో చాలాకాలముగా ఆలోచిస్తున్నారు. అమెరికాలో జాక్ ఎండే అనే వైద్యుడు 1983లో రాసిన వ్యాసము నేటికీ వైద్య ఉపాధ్యాయులు చదువుకొంటారు. దిద్దుబాటు ఆలస్యము లేకుండా ఉండాలి, స్వయముగా చూచినదాని మీద ఉండాలి, మనిషిని గాక చేసిన పనిని గూర్చి ఉండాలి, తీర్పు చెప్పినట్లు గాక వర్ణించినట్లు ఉండాలి అనునవి అందులోని ముఖ్యాంశములలో కొన్ని. 1992లో అక్కడివారే కొందరు ఐదు మెట్ల పద్ధతి ఒకటి చెప్పారు. మొదట విద్యార్థి తన అభిప్రాయము చెప్పాలి. తరువాత దానికి ఆధారమేమని అడగాలి. ఒక సామాన్య సూత్రము నేర్పాలి. సరిగా చేసినదానిని ఇదీ అని చూపి మెచ్చుకోవాలి. తప్పును దిద్దాలి. కొద్ది నిమిషములలో అయ్యే పని. మన దేశములో కూడా 2019లో ప్రారంభమైన కొత్త ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికలో విద్యార్థి లాగ్‌బుక్కు ఉంచాలి. ఏ పనికి ఏ దిద్దుబాటు అందిందో అందులో నమోదు చేసి సంతకము చేయాలి.

విద్యార్థి వైపు కూడా కొంత పని ఉన్నది. ఆ దినమే, మరచిపోకముందే, ఏ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాడో రాసుకోవాలి. ‘తిట్టినారు’ అని గాక, ‘కాలము సరిగా అడగలేదు’ అని రాసుకోవాలి. “వచ్చేసారి ఏ ఒక్కటి మార్చుకోమంటారు సార్?” అని అడగాలి. ఆ ఒక్కటి తరువాతి రోగి దగ్గర చేసి చూడాలి. మాట కరుకుగా ఉన్నా దానిలోని గింజను ఏరుకొని పొట్టును వదిలివేయాలి. గద్దింపును అంగీకరించువాని గూర్చి సామెతల గ్రంథము పదేపదే ఎందుకు మాట్లాడుతుందో వార్డులో నిలబడినవారికి బాగా తెలుస్తుంది. అయితే ఎవరైనా బిడ్డను దినదినము అవమానపరచి, ఆ బిడ్డ నిద్ర, తిండి మానివేసే స్థితికి తెస్తే, దానిని దిద్దుబాటు అనకూడదు. అప్పుడు తల్లిదండ్రులు బిడ్డ మాట వినాలి, కళాశాల పెద్దలతో మాట్లాడాలి.

బిడ్డ ఫోను చేసినప్పుడు

“తలవంపు అయింది” అని బిడ్డ చెప్పినప్పుడు, “ఎవడు వాడు? మా బిడ్డనే అంటాడా?” అనవద్దు. “నీవు సరిగా చదవలేదు” అని కూడా అనవద్దు. “ఆయన ఏమి అడిగినాడు? నీవు మళ్ళా ఆ రోగి దగ్గరికి పోయినావా?” అని అడగండి. ఈ రెండు ప్రశ్నలు చాలు.

ఒక జాగ్రత్త. రోగి పేరు, ఊరు, ఇంటి సంగతులు బిడ్డను అడగవద్దు. బిడ్డ చెప్పబోయినా వద్దనండి. మన ప్రాంతములో ఊరు, వయస్సు చెబితే చాలు, మనిషి ఎవరో తెలిసిపోతుంది. ప్రార్థన కూటములో ‘ఫలానా ఊరి సహోదరి కొరకు’ అని జబ్బు వివరముతో ప్రార్థనాంశము పెట్టడము ప్రేమతో చేసినదే కావచ్చును. అయినా ఆ సహోదరి డాక్టరుకు చెప్పిన మాటను వీధిలో పెట్టినట్లు అవుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము కూడా రోగి వివరములు గోప్యముగా ఉండుట రోగి హక్కు అని చెబుతున్నది. పేరు లేకుండా ప్రార్థించినా దేవునికి తెలుసు.

మన ఇంటివారిని తీసుకువెళ్ళినప్పుడు

మన దేశములో మానసిక రోగితో కుటుంబము కూడా ఆసుపత్రిలో ఉండే పద్ధతికి మంచి చరిత్ర ఉన్నది. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలోనే ఉండనిచ్చారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వారి మానసిక ఆరోగ్య కేంద్రములో కూడా బంధువు రోగితోపాటు ఉండటమే పద్ధతి. మనకు పొరుగున ఉన్న బళ్ళారి జిల్లాలో 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ వారు పల్లె ఆరోగ్య కేంద్రాల వైద్యులకు ఈ చికిత్స నేర్పి చూపారు. ఆ అనుభవము మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశములో మొదలైంది. వీటన్నిటిలో కుటుంబము కేవలము తోడు మనిషి కాదు. వైద్యునికి సాక్షి, సహాయకుడు.

గనుక ఆసుపత్రికి వెళ్ళేముందు ఒక కాగితము మీద ఈ సంగతులు రాసుకొని వెళ్ళండి. జబ్బు ఏ పండుగ దగ్గర, ఏ పంట దగ్గర మొదలైంది. నిద్ర, తిండి ఎట్లున్నవి. తాగుడు, గుట్కా వంటి అలవాట్లు, చివరిసారి ఎప్పుడు. తలకు దెబ్బలు, మూర్ఛలు ఏమైనా ఉన్నవా. ఆడవారైతే కాన్పు అయి ఎన్నాళ్ళయింది, ఎందుకంటే బాలింతలకు మొదటి వారాలలోనే తీవ్రమైన మానసిక జబ్బు రావచ్చును. వంశములో ఎవరికైనా ఉన్నదా. చనిపోతానని ఎప్పుడైనా అన్నారా. పాత చీటీలు, మాత్రల అట్టలు అన్నీ. నాటుమందు వాడినా, తాయెత్తు కట్టించినా, ఉపవాస ప్రార్థనకు తీసుకువెళ్ళినా, గదిలో పెట్టి తాళము వేసినా దాచకుండా చెప్పండి.

అక్కడ చిన్న వయస్సు విద్యార్థి వచ్చి, “కొన్ని సంగతులు అడగవచ్చునా?” అంటే చిరాకు పడవద్దు. ఇష్టము లేకపోతే వద్దని చెప్పవచ్చును, అందువలన చికిత్స ఆగకూడదు. ఇష్టమైతే ఓపికగా చెప్పండి. ముఖ్యముగా, రోగిని అడిగిన ప్రశ్నకు రోగినే జవాబు చెప్పనివ్వండి. కొంతసేపు మీరు బయటకు వెళ్ళి కూర్చోండి. నిన్న చెప్పినది తప్పని ఈ దినము తోస్తే, ఆ విద్యార్థిని పిలిచి సరిచేయండి. ప్రొఫెసరు మాత్రమే కాదు, మంచం మీది రోగి, పక్కన కూర్చున్న తల్లి కూడా అతనికి గురువులే.

ఇంటిలో ఎవరైనా దిగులుతో ఉండి, ఆసుపత్రికి వెళ్ళుటకు వెనుకాడుతూ ఉంటే, 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ ఉన్నది. 14416 నంబరుకు ఫోను చేస్తే రాత్రింబగళ్ళు ఉచితముగా, తెలుగులో కూడా మాట్లాడతారు. ఈ నంబరును మీ గోడ క్యాలెండరు మీద రాసిపెట్టండి. పురుగుమందు డబ్బా ఇంటిలో ఉంటే ఈ దినమే దానిని తాళము వేసే చోట పెట్టి, తాళపు చెవిని బాధ్యతగల ఒకరి దగ్గర ఉంచండి.